మట్టి దుమ్ము, మన ఊపిరితిత్తులు: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన కుమ్మరుల సంఘం డబ్బూ, మన తిరుగుడూ ఎక్కువగా ఒక్క విషయానికే పోయాయి: మట్టి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. "తాతల కాలం నుంచి మట్టిలోనే బతుకుతున్నాం, మనకేమవుతుంది" అని కార్యవర్గంలోనే కొందరన్నారు. అందుకే ఈ సంగతి కాస్త వివరంగా రాస్తున్నాను.

కుండలు చేసే సారె మీద తడి మట్టి ఉన్నంతసేపూ దుమ్ము లేవదు. ఎండిన గడ్డలు దంచేటప్పుడు, జల్లెడ పట్టేటప్పుడు, కుండలు కాల్చే ఆవం విప్పి బూడిద ఎత్తేటప్పుడు, చవితి బొమ్మలకు గరుకు కాగితం పట్టేటప్పుడు లేస్తుంది. మట్టిలోనూ అందులో కలిపే ఇసుకలోనూ సిలికా అనే ఖనిజం ఉంటుంది. కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులోనే ఆగిపోతుంది. కనిపించని సన్న రేణువులు లోపలిదాకా పోయి అక్కడే ఉండిపోతాయి. వాటి చుట్టూ ఊపిరితిత్తి మచ్చలు కట్టి గట్టిపడుతుంది. ఇదే సిలికోసిస్. చాలాసార్లు పదేళ్లూ ఇరవయ్యేళ్లూ గడిచాక గానీ ఆయాసం బయటపడదు. నయం చేసే మందు లేదు, పని మానేసినా ముదరొచ్చు. దీనివల్ల టీబీ వచ్చే ముప్పు కూడా పెరుగుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే సిలికా దుమ్మును క్యాన్సర్ కారకాల్లో చేర్చింది.

ఇంగ్లండులో స్టోక్-ఆన్-ట్రెంట్ కుండల పరిశ్రమకు పెట్టింది పేరు. పాత్రలు తెల్లగా రావాలని అక్కడ చెకుముకి రాయి కాల్చి, పొడి కొట్టి మట్టిలో కలిపేవారు. ఆ పొడి పీల్చినవాళ్లు చనిపోతుంటే, రాయిని నీళ్లలోనే నూరే పద్ధతికి 1726లో థామస్ బెన్సన్ పేటెంటు తీసుకున్నాడు. అయినా షెడ్లలో నేల మీదా బట్టల మీదా ఎండిన మట్టి మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో కూడా అక్కడివాళ్లను పీడించింది.

మన ఇళ్లలో సారె తిప్పేది ఎక్కువగా మగవాళ్లు. దంచేది, జల్లించేది ఆడవాళ్లు. మొదటి వైద్య శిబిరానికి దాదాపు అందరూ మగవాళ్లే వచ్చారు. ఆడవాళ్లేరీ అని అడిగితే "వాళ్లు కుండలు చేయరు కదా" అన్నారు. దాంతో రెండో విడతలో ఇంటింటికీ వెళ్లాం. ఒక ఇంటి వసారాలో అక్క ఒకామె కొంగు ముక్కుకు చుట్టుకుని జల్లెడ ఆడిస్తోంది. పక్కనే ఉయ్యాలలో మనవడు. కొంగు విప్పితే లోపలివైపు, సరిగ్గా ముక్కు కింద, మట్టి చార. కొంగూ తువ్వాలూ సన్న దుమ్మును ఆపలేవు.

మన ఇళ్లలోనే ఒకామె టీబీ మందులు పూర్తిగా వాడినా దగ్గు తగ్గలేదు. ఏం పని చేస్తావని ఆసుపత్రిలో ఆమెను ఎవరూ అడగలేదట. టీబీ మందులు మధ్యలో ఎవరూ మానొద్దు. కానీ డాక్టరు అడగకపోయినా, ఏ పని ఎన్నేళ్లుగా చేస్తున్నారో మీరే చెప్పండి. ఎక్స్‌రేతో పాటు ఆ వివరం కూడా తెలిస్తేనే సిలికోసిస్‌ను గుర్తుపట్టగలరు.

కొన్ని ఇళ్లలో పద్ధతి మారింది. గడ్డలు దంచకుండా తొట్టిలో నానేసి, పలచగా కలిపి, వడకట్టి, తేరనిస్తున్నారు. చీపురుతో ఊడవడం మాని తడిగుడ్డతో తుడుస్తున్నారు. వానాకాలంలో ఆ మట్టి ఆరడానికి రోజులు పడుతుంది. కార్తీక ప్రమిదల ఆర్డర్లు నెత్తిమీద ఉంటే టెన్షన్ తప్పదు, నిజమే. ఎన్95 మాస్కులు పంచాం గానీ ఎండలో ఊపిరాడక చాలామంది తీసేశారు. వాళ్లను తప్పుపట్టను. దుమ్ము లేవకుండా చూసుకోవడమే అసలు పని.

2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం సిలికోసిస్ కేసులను ప్రభుత్వానికి తెలియజేయాల్సి ఉండేది. మన ఇంటి కొట్టాలకు ఆ చట్టం వర్తించేది కాదు. చేతివృత్తులవాళ్ల కోసం 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్లకు 15 వేల రూపాయల వరకు ఇస్తారు, కానీ నమోదు కుటుంబానికి ఒక్కరికే. మన దగ్గర అది ఎక్కువగా మగవాళ్ల పేరు మీదే ఉంది. చిన్న పాకల్లో పనిచేసేవాళ్లకు కూడా ఏటా ఉచితంగా ఎక్స్‌రే తీయాలని వినతిపత్రం ఇచ్చాం. జవాబు రాలేదు, మళ్లీ వెళ్తాం.

చెరువు మట్టి అనుమతులు, పిల్లల పుస్తకాల సాయం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు వెనక పేజీలో చూడండి.

ఉమ్మడి నిధితో సారెలకు మోటార్లు కొనాలా, మట్టిని నీళ్లలోనే కలిపే మిషను కొనాలా అన్నది మహాసభలో ఓటుకు వస్తుంది. నేను మిషను వైపే. ఇంటికొక్క ఓటు అనే పాత పద్ధతి మార్చి, మట్టి దంచి జల్లించే ఆడవాళ్లకు కూడా సొంత సభ్యత్వం ఇవ్వాలని కార్యవర్గం తీర్మానించింది. ఫారాలు నా దగ్గర ఉన్నాయి. ఈ ఏడాది వాళ్లకు చందా లేదు.

కార్యదర్శి