విశేషణాలు సరే, వాల్యూమ్ సమం చేశారా?

సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రిక సాంకేతిక పుటలో అత్యంత ఖరీదైన రెండు ఇన్-ఇయర్ మానిటర్లను, అంటే చెవి నాళంలోకి దూర్చుకునే ఇయర్‌ఫోన్లను, పోలుస్తూ ఇటీవల ప్రచురించిన సమీక్ష గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఒకదాని ధ్వని ‘స్ఫటికమంత స్వచ్ఛం’ అనీ, రెండోదానిలో ‘సంగీతానికి ప్రాణం వచ్చింది’ అనీ, మొదటిదాని ‘వేదిక విశాలం’ అనీ, రెండోదాని ‘లోతు అపారం’ అనీ సమీక్షకులు రాశారు. ఈ విశేషణాలను ఒకదాని నుంచి తీసి రెండోదానికి తగిలించినా వ్యాసానికి వచ్చే లోటేమీ లేదు. బేస్ దేనిలో ఎక్కువ, గాయని గొంతు దేనిలో ముందుకు వస్తుంది, తాళాల మోత దేనిలో చెవికి గుచ్చుకుంటుంది అన్న సాదా ప్రశ్నలకు మాత్రం అందులో జవాబు దొరకలేదు.

అంతకంటే పెద్ద చిక్కు వ్యాసం మధ్యలో ఉంది. రెండింటినీ ఒకే ప్లేయర్‌కు తగిలించి, వాల్యూమ్‌ను ఒకే అంకె దగ్గర ఉంచి విన్నామని సమీక్షకులు చెప్పుకున్నారు. నిష్పాక్షికతకు రుజువుగా రాసిన ఆ వాక్యమే పోలికను చెల్లకుండా చేస్తోంది. ఒకే విద్యుత్ సంకేతాన్ని అందుకున్నా ఒక్కో ఇయర్‌ఫోన్ ఒక్కో స్థాయిలో మోగుతుంది. రెండు మోడళ్ల మధ్య 10 డెసిబెళ్ల తేడా ఉండడం వింతేమీ కాదు. మనిషి చెవి అన్ని పౌనఃపున్యాలనూ ఒకేలా వినదనీ, శబ్దం తగ్గేకొద్దీ మంద్ర ధ్వనులు మిగతావాటికంటే త్వరగా వినికిడి నుంచి జారిపోతాయనీ శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. అందువల్ల ఒకటి రెండు డెసిబెళ్లు హెచ్చుగా మోగే ఇయర్‌ఫోన్‌ను వింటున్నప్పుడు శబ్దం పెరిగిందన్న సంగతి మనకు తట్టదు గాని, అది నిండుగా, స్పష్టంగా, ప్రాణం ఉన్నట్టుగా అనిపిస్తుంది. సమీక్షకులు రెండోదానిలో విన్న ‘ప్రాణం’ దాని నిర్మాణ నైపుణ్యమో, కేవలం హెచ్చు శబ్దమో ఆ వ్యాసం ఆధారంగా ఎవరూ తేల్చలేరు. రెండింటినీ కప్లర్‌లో, అంటే చెవి నాళాన్ని అనుకరించే కొలత పరికరంలో, పెట్టి, శబ్ద స్థాయిని కొలిచి, సమం చేశాక వింటే తప్ప ఆ సందేహం తీరదు.

ఇక చెవి సంగతి. కర్ణభేరి వరకూ ఉండే శ్రవణ నాళం సుమారు 25 మిల్లీమీటర్ల పొడవుంటుంది. తెరిచి ఉన్నప్పుడు ఆ నాళం 3 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ధ్వనిని సహజంగానే పెంచుతుంది. మాటలోని స్పష్టత చాలావరకు అక్కడే ఉంటుంది. ఇయర్‌ఫోన్ చివర ఉండే మెత్తని తొడుగు, అంటే టిప్పు, నాళాన్ని మూసేయగానే ఆ సహజమైన పెరుగుదల పోతుంది కనుక, దాన్ని ఇయర్‌ఫోన్ తన ట్యూనింగ్‌లోనే తిరిగి ఇవ్వాలి. ఎంత ఇచ్చారన్నదాన్ని బట్టే గాయని గొంతు దగ్గరగానో, గోడ అవతల నుంచో వినిపిస్తుంది. మూసిన నాళంలో కొత్త అనునాదం 7 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య పుట్టుకొస్తుంది. టిప్పు ఎంత లోతుకు వెళ్లిందన్నదాన్ని బట్టి అది అటూ ఇటూ జరుగుతుంది. ‘స’ పలికేటప్పుడు వచ్చే ఈల లాంటి పదును ఉండేదీ దాదాపు ఆ ఇరుగుపొరుగులోనే. పాట నడుస్తుండగా ఇయర్‌ఫోన్‌ను రెండు మిల్లీమీటర్లు లోపలికి నొక్కి చూస్తే, అంతవరకు చెవిని గీరిన ‘స’కారం కొన్నిసార్లు మెత్తబడుతుంది, కొన్నిసార్లు మరింత రాజుకుంటుంది. అదే టిప్పు ఒక పక్క కాస్త వదులైతే బేస్ సగానికి సగం ఖాళీ అవుతుంది. సిలికాన్ టిప్పా, ఫోమ్ టిప్పా, ఏ పరిమాణమో చెప్పకుండా ‘బేస్ పలచగా ఉంది’ అని రాస్తే, అది ఇయర్‌ఫోన్ గురించిన మాటో, సమీక్షకుల చెవి కొలత గురించిన మాటో పాఠకులకు తెలిసే మార్గం లేదు.

ఇయర్‌ఫోన్ లోపల ధ్వనిని పుట్టించే భాగాలైన డ్రైవర్ల సంఖ్యను వ్యాసం దాదాపు మార్కుల జాబితాలా వాడుకుంది. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ రకం డ్రైవర్ అయితే వివరం, డైనమిక్ అయితే బేస్, ఎలక్ట్రోస్టాటిక్ అయితే గాలి ఆడినట్టుండే పైస్థాయి అన్న సూత్రీకరణ ప్రకటనలకు సరిపోతుంది గాని సమీక్షకు సరిపోదు. వినికిడి యంత్రాల్లో వాడుకలో ఉన్న బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్‌ను చెవికి ఒక్కటి చొప్పున మాత్రమే పెట్టుకుని ఎటిమోటిక్ సంస్థ ఇఆర్-4ను 1991లో తెచ్చింది. తటస్థ ధ్వనికి కొలబద్దగా దాన్ని నేటికీ ప్రస్తావించేవారున్నారు. డ్రైవర్లు పెరిగినకొద్దీ వాటి మధ్య పౌనఃపున్యాలను పంచే క్రాసోవర్ జటిలమవుతుంది, విద్యుత్ ప్రవాహానికి ఇయర్‌ఫోన్ చూపే అడ్డు, అంటే ఇంపీడెన్స్, కూడా ఒక పౌనఃపున్యం దగ్గర కొద్ది ఓములు, మరొక దగ్గర అనేక పదుల ఓములుగా ఊగిసలాడుతుంది. అలాంటి ఇయర్‌ఫోన్‌ను 10 ఓముల అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఉన్న ప్లేయర్‌కు తగిలిస్తే దాని స్వర సమతూకమే మారిపోతుంది. ఏ ప్లేయర్‌తో విన్నారో, దాని అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎంతో ఒక పంక్తిలో రాసి ఉంటే ఈ పేరా అవసరమే ఉండేది కాదు.

ఏ పౌనఃపున్యం ఎంత బిగ్గరగా మోగుతుందో చూపే కొలతల గురించి ‘గ్రాఫులు సంగీతం వినిపించవు’ అన్న సమీక్షకుల మాటతో నాకు సగం వరకే ఏకీభావం ఉంది. సాధారణంగా వాడే ఐఈసీ 60318-4 అనే అంతర్జాతీయ ప్రమాణం తరహా కప్లర్ కొలతలను 8 కిలోహెర్ట్జ్ దాటాక జాగ్రత్తగా చదవాలి. అక్కడ కనిపించే శిఖరం కప్లర్‌లో ఇయర్‌ఫోన్‌ను ఎంత లోతుకు దించారన్నదాన్ని బట్టి మారుతుంది. షాన్ ఆలివ్ బృందం హర్మన్ అనే ఆడియో సంస్థలో రూపొందించిన లక్ష్య రేఖ (గ్రాఫ్ ఎలా ఉంటే బాగుంటుందో చూపే గీత) కూడా ఎక్కువ మంది శ్రోతల ఇష్టానికి సగటు మాత్రమే, అది అందరూ పాటించి తీరవలసిన శాసనమేమీ కాదు. అయినా 200 హెర్ట్జ్ దగ్గర ఉబ్బు ఉందో లేదో గ్రాఫ్ నిక్కచ్చిగా చెబుతుంది, మగ గొంతు బొంగురుగా ముద్దకట్టినట్టు ఎందుకు వినిపించిందో దానితో సరిచూసుకోవచ్చు.

ధర గురించి కూడా రెండు మాటలు. పరిశోధకుడు యెరూన్ బ్రేబార్ట్ 2017లో 283 హెడ్‌ఫోన్ల కొలతలను పరిశీలించి, వాటి ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కూ (ఏ పౌనఃపున్యాన్ని ఎంత బిగ్గరగా మోగిస్తాయన్నదానికీ) అమ్మకపు ధరకూ సంబంధం కనిపించలేదని ప్రచురించారు. ఖరీదైన వాటిలో ఏ గుణమూ లేదని దీని అర్థం కాదు. ఎడమ కుడి చెవులకు అందే ధ్వని సరితూగడం, చెవిలో ఒదిగే తొడుగు, బయటి రొదను అడ్డుకోవడం వంటివి డబ్బు పెట్టించదగ్గవే. కానీ ధర ముందే తెలిసిన శ్రోత చెవి ఆ ధరను కూడా వింటుంది. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ లౌడ్‌స్పీకర్లతో చేసిన పరీక్షలో, ఏది మోగుతోందో చూస్తూ విన్నప్పుడూ, చూడకుండా విన్నప్పుడూ అవే స్పీకర్లకు శ్రోతలు వేర్వేరు మార్కులు వేశారు. ఇయర్‌ఫోన్ల విషయంలో చూడకుండా వినిపించడం కష్టమే, ఎందుకంటే చెవిలో పెట్టుకోగానే స్పర్శ గుట్టు విప్పేస్తుంది. హర్మన్ పరిశోధకులు ఒకే ఇయర్‌ఫోన్‌ను ఈక్వలైజ్ చేసి, అంటే దానిలోని పౌనఃపున్యాల స్థాయిలను హెచ్చించి తగ్గించి, మిగతా మోడళ్ల ధ్వనిని దానిలోనే అనుకరించి ఈ అడ్డంకిని దాటారు. ఒక దినపత్రిక అంత శ్రమ పడాలని నేను కోరడం లేదు.

కోరేది వర్ణనలో కాస్త నిర్దిష్టతను. ‘వేదిక విశాలం’ అన్న మాటనే తీసుకోండి. ఇయర్‌ఫోన్లలో ఎడమ ధ్వని కుడి చెవికి చేరదు, చెవి డొప్ప పాత్రా ఉండదు; అందువల్ల సంగీతం చాలావరకు తలలోనే మోగుతుంది. ఫలానా రికార్డింగ్‌లో వయొలిన్ మొదటిదానిలో ఎడమ చెవికి బాగా వెలుపల, రెండోదానిలో కణత దగ్గర వినిపించిందని రాస్తే ఆ విశాలత్వం ఏమిటో నాకు అర్థమవుతుంది. మృదంగం ఎడమవైపు మోతలో దెబ్బ మాత్రమే తెలిసి, దాని వెనుక సాగే గుంకారం ఎక్కడ తెగిపోయిందో చెబితే ‘లోతు’ అన్న మాట అక్కరలేదు. గాయని చరణం చివర ఊపిరి తీసుకున్న చప్పుడు దేనిలో వినబడిందో, అది సహజంగా ఉందో, మైకును నోటికి ఆనించినట్టుందో చెబితే ‘స్వచ్ఛత’కూ ఒక ఆధారం దొరుకుతుంది. అదే రికార్డింగ్‌ను తన దగ్గరున్న ఇయర్‌ఫోన్‌లో విని పాఠకుడు సరిచూసుకోగలడు కూడా. గంటల తరబడి బిగ్గరగా వింటే చెవి తాత్కాలికంగా మొద్దుబారుతుంది కనుక, ఇలాంటి పోలిక ఎంతసేపు, ఏ స్థాయిలో చేశారన్నది కూడా ముఖ్యమే.

వచ్చే భాగంలో ఖరీదైన కేబుళ్లను పోలుస్తామని వ్యాసం చివర ప్రకటించారు. కేబుల్ నిరోధం తేడాగా ఉంటే, ఇంపీడెన్స్ తక్కువగా ఉన్న ఇయర్‌ఫోన్‌లో స్వల్ప మార్పు రావచ్చు, అది కొలతకు అందే మార్పే. కనుక ముందుగా రెండు కేబుళ్ల నిరోధాన్ని కొలిచి, శబ్ద స్థాయిని సమం చేసి, మార్చేటప్పుడు ఏది తగిలించారో వినేవారికి తెలియకుండా మరొకరి చేత మార్పించి, సమీక్షకులు ఎన్నిసార్లు సరిగా గుర్తుపట్టారో ఆ లెక్కను కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు