శీనుగాడికి, ఒక గులాబీ రంగు స్లైడు గురించి

ఒరేయ్ శీనూ,

వారం నుంచి నీ ఫోనెత్తనందుకు ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసి, అప్పుడు చదువు. పాథాలజీ పీజీ అంటే శవాల దగ్గర కూర్చోవడం అనుకుంటున్నావు కదా. కాదురా బాబూ, పొద్దస్తమానం మైక్రోస్కోప్‌కి కళ్లు అతికించుకోవడం.

మొన్న సాయంత్రం మేడమ్ పాత టీచింగ్ స్లైడ్ల పెట్టె తెరిచి, ఒకటి తీసి పెట్టి "చెప్పు" అన్నారు. అంతే. లివర్ గడ్డ. పెద్ద పెద్ద కణాలు, గులాబీ రంగులో, ఒక్కోదాని మధ్యలో బొట్టు పెట్టినట్టు న్యూక్లియోలస్. (మైటోకాండ్రియా కిక్కిరిసిపోతే ఆ గులాబీ వస్తుంది.) ఆ గుంపుల మధ్య నుంచి పీచు పట్టీలు, దున్నిన చాళ్లలా పక్కపక్కనే. నేను హీరోలా "హెపటోసెల్యులర్ కార్సినోమా, హెపటైటిస్ బి ఉండి ఉంటుంది మేడమ్" అనేశా. (మామూలుగా కనిపించే లివర్ క్యాన్సర్ అదే.) "పక్కనున్న లివర్ చూశావా?" అన్నారు. చూస్తే ఒట్టు! స్లైడు జరిపి చూస్తే అక్కడ సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడటం) లేదు, ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. పరువు పోయింది.

దాని పేరు ఫైబ్రోలామెల్లార్ కార్సినోమా. చాలా అరుదైన లివర్ క్యాన్సర్. తాగుడు లేదు, వైరస్ లేదు, పిల్లలకీ పాతికేళ్ల కుర్రాళ్లకీ వస్తుంది. 1956లో ఎడ్మండ్సన్ అనే అమెరికా డాక్టరు మొదట రాసింది కూడా 14 ఏళ్ల అమ్మాయి గురించే. అసలు సంగతి 2014 దాకా తేలలేదు. 12 ఏళ్లకి ఈ జబ్బొచ్చి బయటపడిన ఎలానా సైమన్ అనే అమ్మాయి, హైస్కూల్లో ఉండగానే, రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో వాళ్ల నాన్న ల్యాబువాళ్లతో కలిసి పనిచేసింది. చూసిన 15 గడ్డల్లో 15కీ ఒకటే తప్పు: 19వ క్రోమోజోములో సుమారు 4 లక్షల డీఎన్‌ఏ అక్షరాల ముక్క ఎగిరిపోయి, డీఎన్‌ఏజేబీ1 అనే జీను తల పీఆర్‌కేఏసీఏ అనే జీను మొండేనికి అతుక్కుపోయింది. పేర్లు మర్చిపో, నేనే రెండుసార్లు తప్పు రాశా.

నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి కథ. అది నీకైతే ఇట్టే అర్థమవుతుంది, మైక్ సెట్ షాపులో పుట్టినవాడివి. ధనుర్మాసంలో రామాలయం దగ్గర బాబాయ్ టీ తాగడానికెళ్తే మనం యాంప్లిఫయర్ నాబ్ ఫుల్లుగా తిప్పేశాం, గుర్తుందా? తిరుప్పావై అదే, పంతులుగారి గొంతు అదే, పక్కూరివాళ్లు మాత్రం లేచి కూర్చున్నారు. జీనుల దగ్గరా అలాంటి నాబులుంటాయి, ఎన్‌హాన్సర్లంటారు. అక్షరం మారదు, సౌండు మారుతుంది. ఎపిజెనెటిక్ మార్పులంటే ఇలాంటివే. 2020లో కార్నెల్‌లో సేతుపతి గారి బృందం ఈ గడ్డల్లో ఏ నాబులు పైకి తిరిగాయో మ్యాపు గీసింది. కొన్నిచోట్ల ఒకటి కాదురా, గుత్తులు గుత్తులుగా.

మరి తిప్పిందెవరు? ఎస్ఐకే అని కణంలో ఒక వాచ్‌మన్ ఉంటాడు. సీఆర్‌టీసీ2 అనే ప్రోటీన్‌ని న్యూక్లియస్‌లోకి పోనీయకుండా గుమ్మం దగ్గరే ఆపుతాడు. అతుకు జీను నుంచి వచ్చిన ఎంజైము ఆ వాచ్‌మన్ నోరు నొక్కేస్తుంది. ఇంకేముంది, సీఆర్‌టీసీ2 లోపలికి దూరి పీ300 అనేవాణ్ణి వెంటేసుకుని, డీఎన్‌ఏ చుట్టుకున్న హిస్టోన్లనే ప్రోటీన్ల మీద అసిటైల్ అనే రసాయన గుర్తులు వేయిస్తుంది. చుట్ట వదులవుతుంది, మూగగా పడుండాల్సిన జీనులు అరవడం మొదలెడతాయి.

తెగిన ముక్కని మళ్లీ అతికించలేం, నాబ్‌నైతే వెనక్కి తిప్పొచ్చేమో అని ల్యాబుల్లో పీ300కి అడ్డుపెట్టి చూస్తున్నారు. మందుల షాపు దాకా రావాలంటే చాలా దూరం. ఇప్పటికైతే కత్తే దిక్కు, గడ్డ మొత్తం తీయగలిగితే తీయడమే. ఇది చెప్పేటప్పుడు మేడమ్ నా వైపు చూడలేదు, స్లైడు వైపే చూస్తూ చెప్పారు.

అవునూ, ఆ యాంప్లిఫయర్ ఇంకా ఉందా, పాత సామానోడికి ఇచ్చేశారా? బాబాయ్ షుగర్ రిపోర్టు ఫొటో తీసి పంపు. పోయినసారిలా సగం కోసేసి పంపావంటే ఊరుకోను.

నీ
బుజ్జిగాడు