విషయం: మీరు పంపిన ఫోటోలో మా అమ్మ లేదు

కస్టమర్ కేర్ మేనేజరు గారికి,

నమస్కారం. తిరుపతి నుంచి రాస్తున్నాను. మా అమ్మ సంవత్సరీకానికి ఒక పెద్ద ఫ్రేము ఫోటో, నలభై పేజీల ఆల్బమ్ కావాలని మీ కంపెనీకి ఆర్డర్ ఇచ్చి 8,450 రూపాయలు ముందే కట్టాను. రసీదు జతచేశాను. పార్సిల్ తిథికి రెండు రోజుల ముందే వచ్చింది, ప్యాకింగ్ కూడా గట్టిగా ఉంది. వాటి గురించి నాకు పేచీ లేదు. విప్పి గోడకు ఆనించి పెట్టాం. మా నాయన కళ్ళద్దాలు తుడుచుకుని దగ్గరికొచ్చి చూసి, "బాగుంది. ఎవురమ్మా ఈమె?" అన్నాడు.

యాభై రెండేళ్ళు ఆమెతో కాపురం చేసిన మనిషి అడిగిన మాట అది.

మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒక అమ్మాయి, పాపం మర్యాదగానే, "ప్రీమియం రీటచ్ ఫ్రీగా చేశాం మేడమ్, ఇప్పుడు ఇంకా యంగ్‌గా ఉన్నారు కదా" అంది. నేను రీటచ్ అడగలేదు. 'ఉన్నది ఉన్నట్టు పెద్దది చేయండి' అని ఆర్డర్‌లో తెలుగులోనే రాశాను. ఏమేం తుడిచేశారో మీకు తెలిసినట్టు లేదు, కాబట్టి చెబుతాను.

ఎడమ మణికట్టు మీద కాలిన మచ్చ ఉండాలి. మాది పాకాల దగ్గర పల్లె. చెరకు వేసిన ఏడు మా గానుగ దగ్గర రాత్రంతా పాకం కాగేది. నాయన కునుకు తీస్తే అమ్మ పొయ్యి ముందు కూర్చునేది. ఒకసారి పాకం చిమ్మి చెయ్యి కాలింది. ఆ బెల్లం చిత్తూరు మార్కెట్టుకు పోయి డబ్బులొచ్చేదాకా డాక్టరు మాట ఎత్తలేదు. మీ ఫోటోలో ఆ చోట చర్మం మైదాపిండిలా తెల్లగా ఉంది.

కుడి మోచెయ్యి కొంచెం వంకర. చింతచెట్టు కింద గట్టు మీద జారిపడితే పుత్తూరు తీసుకెళ్ళి ఆకుపసరు, కోడిగుడ్డు సొన పూసి వెదురుబద్దలతో కట్టు కట్టించాం. పుత్తూరు కట్టు తప్పేమీ లేదు. పాలు పిండేవాళ్ళు లేరని ఆమే గడువుకు ముందే విప్పేసుకుంది. మీరు రెండు చేతులూ సమానంగా చేశారు. చిత్తూరు డెయిరీ 2002లో మూతపడ్డాక ఎనుముల్ని అమ్మేద్దామని నాయన అంటే ఒప్పుకోక, పాలు తోడుపెట్టి, పెరుగు కుండ ఆ వంకర చేత్తోనే మోసుకుపోయి దామలచెరువులో ఇంటింటికీ పోసింది. అసలు ఫోటో మూలలో ఒక ఎనుము కొమ్ము కనబడుతుంది. దాన్నీ కత్తిరించేశారు. వెనక ఉన్న గానుగ పోయి గులాబీ తోట వచ్చింది.

అన్నిటికన్నా కోపం తెప్పించింది మెడ. అసలు ఫోటోలో పసుపుతాడు, దానికి వేలాడే మూడు పిన్నీసులు ఉన్నాయి. మీవాళ్ళు తాడు తీసేసి నెక్లెస్ వేశారు. మా అమ్మకు నెక్లెస్ అంటూ లేదు. ఉన్న రెండు తులాల సరుడు నేను పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చేరేటప్పుడు తాకట్టుకు పోయి మళ్ళీ ఇల్లు చేరలేదు. పిన్నీసులు మాత్రం చివరిదాకా ఉన్నాయి. ఒకటి మా కాళ్ళలో తుమ్మముళ్ళు తీయడానికి. ఒకటి గౌను హుక్కు ఊడితే పెట్టడానికి. మూడోది ఎవరికో ఒకరికి ఇచ్చేయడానికే. నన్ను చూడటానికి పాకాల నుంచి ప్యాసింజర్ రైల్లో వచ్చేది కదా, రైల్లో ఏ ఆడమనిషికి రవిక చిరిగినా, ఏ పిల్లకు చెప్పు తెగినా అది తీసిచ్చేసేది. హాస్టల్ గేటు దగ్గర ఊరిబిండి పచ్చడి డబ్బా నా చేతిలో పెడుతుంటే మెడ వైపు చూసేదాన్ని. రెండే ఉంటే, దారిలో ఎవరో కలిశారన్నమాట. డబ్బా మాత్రం గదిలో ఉన్న ఐదుగురికీ సరిపోయేలా తెచ్చేది. ఆ ఐదుగురి పేర్లు ఆమెకు పోయేదాకా గుర్తున్నాయి, నేనే ఒకటి మరిచిపోయాను.

ఇక ఆల్బమ్. మొదటి పేజీకి నేను రాసి పంపిన పది లైన్లు తీసేసి, 'కుటుంబం కోసం జీవితాన్ని అంకితం చేసిన ప్రేమమూర్తి, సహనదేవత' అని మీరే అచ్చువేశారు. సహనం సంగతి మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. అమ్మకు కోపమొస్తే పప్పుగుత్తి గాల్లో లేచేది. ఒక మామిడిచెట్టు కాపు విషయంలో సొంత చెల్లెలితో పదకొండేళ్ళు మాట్లాడలేదు. ఆ పిన్నమ్మ మంచాన పడితే మాత్రం మాతో ఒక్క మాట చెప్పకుండా బట్టల సంచీ సర్దుకుని పోయి నెల రోజులు అక్కడే ఉంది. అప్పుడైనా రాజీపడ్డారా అంటే అదీ లేదు, ఆ నెలంతా చెట్టు గురించే వాదించుకున్నారట. నేను రాసింది ఇదే. మీకు నచ్చకపోతే ఫోన్ చేసి అడగాల్సింది.

మాకు ఏటా మే నెలలో గంగజాతర జరుగుతుంది, మొక్కున్నవాళ్ళు రోజుకో వేషం కడతారు. మీ ఫ్రేము చూసి మా అన్న, "అమ్మకు ఏ వేషం కట్టించినారు వీళ్ళు?" అన్నాడు. సంవత్సరీకం రోజు దాన్ని తిప్పి గోడవైపు పెట్టి, రేషన్ కార్డు మీది చిన్న ఫోటోకు దండ వేశాం. ఆ రోజును మీరు మళ్ళీ తెచ్చివ్వలేరు, అందుకని అది అడగను.

అడిగేది ఇది. నేను పంపిన అసలు ప్రింటు ఇంకా మీ దగ్గరే ఉంది. స్కాన్ చేసిన 30 రోజులకు పారేస్తామని మీ నిబంధనల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉందట, ఈరోజుకు 18 రోజులయ్యాయి. దాని నెగెటివ్ లేదు. వెనకాల నాయన పెన్సిలుతో 'సంక్రాంతి, 1995' అని రాశాడు. ముందు దాన్ని స్పీడ్ పోస్టులో పంపండి. తర్వాత రీటచ్ లేకుండా ఫ్రేము, నా పది లైన్లతో ఆల్బమ్ మళ్ళీ చేయండి, లేదా 8,450 రూపాయలు వెనక్కివ్వండి.

వారంలోగా జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. మీ ఆఫీసు ఏ ఊళ్ళో ఉన్నా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే కేసు వేయొచ్చని, ఐదు లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదని మా అన్న కొడుకు కనుక్కొచ్చాడు.

ప్రింటు పంపేటప్పుడు అట్టల మధ్య పెట్టండి. కింది మూల నలిగి, చిన్న పళ్ళ గాట్లు ఉంటాయి. పాలపళ్ళప్పుడు వాడే కొరికాడు. దాన్ని సరిచేయొద్దు.

ఇట్లు,
మీ ఖాతాదారు,
తిరుపతి