ట్వెంటీ నైనర్‌లో క్రూగా దిగాలా వద్దా

ఒరేయ్ వాసూ,

నీ ఉత్తరం అందింది. ఎంటర్‌ప్రైజ్ అనే ఇద్దరి తెరచాప పడవలో జిబ్ (ముందుండే చిన్న తెరచాప) పట్టుకుని హాయిగా సాగుతున్నవాణ్ని ట్వెంటీ నైనర్ అనే రేసు పడవలోకి క్రూగా, అంటే చుక్కాని పట్టేవాడికి జోడీగా, రమ్మన్నారు, వెళ్లనా మాననా అని కదా నీ ప్రశ్న. వెళ్లి చూడు. సీజన్ మొత్తానికి మాత్రం అప్పుడే మాట ఇచ్చెయ్యకు.

ముందు బరువు సంగతి తేల్చుకో. ఎంటర్‌ప్రైజ్ 1956లో జాక్ హోల్ట్ గీసిన బోటు. ట్రాపీజ్ (మాస్టు, అంటే తెరచాప స్తంభం, నుంచి వేలాడే తీగెకి తగిలించుకుని బోటు బయటికి వాలే ఏర్పాటు) లేదు, స్పినాకర్ (గాలివాటంలో ఎత్తే పెద్ద పల్చటి తెరచాప) లేదు, కాస్త లావు సన్నం తేడాలున్నా సర్దుకుపోతుంది. ట్వెంటీ నైనర్ జూలియన్ బెత్‌వైట్ డిజైన్. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో దిగిన ఫార్టీ నైనర్ కూడా ఆయనదే. దానికి కుర్రాళ్ల కోసం చేసిన చిన్న రూపం ఇది, అందుకే తేలికపాటి జంటలంటే దీనికి ఇష్టం. ఇద్దరూ కలిపి 120 కిలోల చుట్టుపక్కల ఉంటే నిశ్చింత. 150 దాటితే మందగాలిలో ప్రతి రేసులోనూ వెనకబడతారు, ఎంత నేర్పున్నా సరే. తడిబట్టలతో కాకుండా, పొద్దున్నే తూకమేసుకుని ఆ అంకె హెల్మ్‌కి, అంటే చుక్కాని పట్టేవాడికి, చెప్పు.

బరువు ఎవరిది ఎక్కువన్నదీ చూడాలి. 65 కిలోల మనిషి అంచు మీద కూర్చుని వెనక్కి వాలితే ఒంటి బరువు బోటు మధ్యగీతకి సుమారు 1.1 మీటర్ల దూరంలో పడుతుంది. అదే మనిషి ట్రాపీజ్ మీద నిటారుగా చాచుకుంటే ఆ దూరం 1.8 మీటర్లు అవుతుంది. బరువుని దూరంతో గుణించి చూడు, బోటుని నిలబెట్టే బలం 70 చిల్లర కాస్తా 117 అయింది, మనిషి ఒక్క కిలో పెరగకుండానే. ట్రాపీజ్ ఒక్కటే ఉన్న బోట్లలో పొడుగువాడు క్రూగా, పొట్టివాడు హెల్మ్‌గా ఉండటానికి కారణం ఇదే. మీ జంటలో అది తలకిందులైతే మొహమాటపడకుండా ముందే అడుగు, సీట్లు మార్చుకుందామా అని.

ఇక పని. ఇన్నాళ్లూ క్రూ అంటే జిబ్ షీటు (జిబ్‌ని లాగే తాడు), సెంటర్‌బోర్డు (బోటు కిందికి దించే పలక), బెయిలింగ్ (నీళ్లు తోడటం) అనుకున్నావు. ఇక్కడ జిబ్ తనంతట తనే పక్క మారుతుంది. గాలికెదురు వెళ్లేటప్పుడు మెయిన్ షీటు, అంటే పెద్ద తెరచాప తాడు, నీ చేతిలో ఉంటుంది. బోటు వాలిందంటే ముందు నువ్వే వదలాలి, హెల్మ్ చుక్కాని తిప్పేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. గాలివాటం వచ్చాక స్పినాకర్ కూడా నీదే. చెప్పాలంటే ఈ బోటుని సగానికి పైగా నడిపేది క్రూనే. ఒడ్డున నిలబడి చూసేవాళ్లకి ఇది అర్థం కాదనుకో.

ట్రాపీజ్‌ని నీళ్లలో కాకుండా ఒడ్డు మీదే మొదలుపెట్టు. బోటుని ట్రాలీ మీద కట్టేసి, అవతలి పక్క ఇద్దరిని పట్టుకోమను. ముందు చేత్తో హ్యాండిల్ పట్టుకుని, వెనక చేత్తో రింగుని ఒంటికి కట్టుకున్న హార్నెస్ (పట్టీల తొడుగు) హుక్‌కి తగిలించు. బరువంతా తీగె మీద పడేదాకా అంచు మీంచి జారు. ఆ తర్వాతే ముందుకాలు అంచు మీద పెట్టి తన్ను, వెనక్కాలు దాని వెంట వస్తుంది. కొత్తవాళ్లు చేతుల బలంతో లేవబోతారు, పావుగంటకే భుజాలు పోతాయి. ముందుకాలు మోకాలి దగ్గర వంచి నిలబడటం ఇంకో తప్పు. బోటు అలలో గుచ్చుకుని ఒక్కసారి నెమ్మదిస్తుంది, నువ్వు నెమ్మదించవు. తీగె పట్టుకుని గిర్రున తిరిగి ఫోర్‌స్టే (మాస్టుని ముక్కుకి కట్టిన తీగె) అవతల తేలతావు. లోపలికి వచ్చేటప్పుడు వెనక్కాలు ముందు లోపల పెట్టు.

స్పినాకర్ ఎత్తేటప్పుడు హెల్మ్ బోటుని బాగా గాలివాటానికి తిప్పాలి. అప్పుడది మెయిన్ నీడలో ఉండి ఊరుకుంటుంది. నువ్వు చేతికి చెయ్యి మార్చి పెద్ద పెద్ద లాగుళ్లతో ఆపకుండా పైకి లాగు. సగంలో ఆగావా, ఆ సగమే గాలి నింపుకుని ఇక కదలదు, లేదా నీళ్లలో పడి వలలా ఈడ్చుకొస్తుంది. ఎత్తాక స్పినాకర్ ముందంచు కాస్త ముడుచుకునేదాకా షీటు వదులు, మళ్లీ అది సరయ్యేంత మాత్రమే లాగు. ఇలా ఆగకుండా చేస్తూనే ఉండాలి. చేతిలో తాడు బరువెంతుందో హెల్మ్‌కి చెబుతూ ఉండు, "ఉంది", "తగ్గింది" అని. తగ్గితే అతను గాలి వైపు తిప్పుతాడు, ఎక్కువైతే దించుతాడు. నోరు మెదపని క్రూ ఉన్న బోటు ఎప్పుడూ నెమ్మదే.

జైబ్‌లో, అంటే గాలివాటంలో వెళ్తూ తెరచాపల్ని పక్క మార్చేటప్పుడు, పాత షీటుని తొందరపడి వదలకు. స్పినాకర్ మూల ఫోర్‌స్టే దగ్గరికి వచ్చేదాకా పట్టుకుని, అప్పుడు కొత్తది గట్టిగా లాగు. ముందే వదిలితే అది ముందుకు ఎగిరిపోయి ఫోర్‌స్టే చుట్టూ మెలిపడుతుంది. బరువు లేని షీటు బోస్ప్రిట్ (ముక్కు నుంచి ముందుకి పొడుచుకొచ్చిన కర్ర) మీంచి జారి బోటు కిందికి పోవడం కూడా మామూలే. కాబట్టి దాన్ని మరీ వదులుగా ఉంచకు.

బోటు తిరగబడటం ఎలాగూ ఖాయం. పడగానే హుక్ విప్పుకుని, పైకి తేలి, పేరు పెట్టి అరవాలి, అవతలివాడు పలకాలి. మిగతావన్నీ దాని తర్వాతే. స్పినాకర్ దించి లోపలికి లాగకుండా బోటు లేపబోతే నీళ్లు నిండిన గుడ్డని లేపుతున్నట్టే, లేచినా అవతలి పక్కకి మళ్లీ పడుతుంది. మెయిన్ షీటు, వ్యాంగ్ (మెయిన్ అడుగు కర్రని కిందికి పట్టి ఉంచే తాడు) వదిలేసి, ముక్కుని గాలికెదురుగా తిప్పి, అప్పుడు సెంటర్‌బోర్డు మీదికెక్కు.

హార్నెస్ ఇప్పుడే కొనకు, అరువు తెచ్చుకో. హుక్ బొడ్డు కింద ఉండాలి, పట్టీలు వదులైతే పక్కటెముకల మీదికి ఎక్కుతుంది. క్విక్ రిలీజ్ (చటుక్కున విడిపోయే హుక్) ఉన్నదే తీసుకో, 2023 జనవరి నుంచి రేసుల్లో అది తప్పనిసరి. నీళ్లలో పడకముందే కళ్లు మూసుకుని పదిసార్లు విప్పి చూడు. 50 న్యూటన్ల బాయన్సీ వెస్టు (నీళ్లలో తేల్చే జాకెట్టు) హార్నెస్ పైన వేసుకో, దాని మీద బిగుతైన పల్చటి చొక్కా ఉంటే తాళ్లు చిక్కుకోవు. చేతికందే చోట మొండి మొన ఉన్న కత్తి ఒకటి పెట్టుకో.

మొదటిసారి 8 నాట్ల గాలిలో, రెండోసారి 12 నాట్లలో వెళ్లు. 15 దాటితే ఆ రోజు మానెయ్, ఏమీ నేర్చుకోలేవు, దెబ్బలు తప్ప. రెండుసార్లు వెళ్లొచ్చాక గమనించాల్సింది బోటుని కాదు, హెల్మ్‌ని. తిరగబడ్డప్పుడు అరుస్తాడా, ఏం జరిగిందో చెబుతాడా? ఈ ఏడు ఎన్ని రెగెట్టాలకి (పడవ పోటీలకి) వెళ్దామనుకుంటున్నాడు? విరిగితే ఖర్చు ఎవరిది, బీమా ఉందా? మీ నీళ్లలో ఈ క్లాసు బోట్లు నాలుగైదైనా లేకపోతే ఒంటరిగా తిరగడమే అవుతుంది, పోటీ ఉండదు. వన్ డిజైన్ (బోట్లన్నీ ఒకేలా ఉండాల్సిన) క్లాసు కాబట్టి తెరచాపల్లాంటివి ఆమోదం ఉన్నవే కొనాలి, అవి ఎంత త్వరగా దొరుకుతాయో కనుక్కో.

బరువు కుదరకపోతే 470 అనే ఇంకో ఇద్దరి బోటు ఉంది. 4.7 మీటర్ల పొడవు, 120 కిలోల హల్ (బోటు ఒళ్లు), కాస్త బరువైన జంటనీ మోస్తుంది. 1976 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న క్లాసు, 2024లో ఆడా మగా కలిసి నడిపే పోటీ అయింది. కాకపోతే దాని స్పినాకర్‌కి పోల్ (దాని మూలని బయటికి పట్టి ఉంచే కర్ర) ఉంటుంది. ప్రతి జైబ్‌లో మాస్టు నుంచి విప్పి, కొత్త వైపు తగిలించి, మళ్లీ మాస్టుకి పెట్టాలి. చేతులు మూడున్నా చాలవనిపిస్తుంది.

మీ ఇద్దరి బరువులు, హెల్మ్ పొడవు రాసి పంపు. ట్రాపీజ్ తీగె ఎంత ఎత్తులో పెట్టుకోవాలో అప్పుడు చెబుతాను.

నీ
సుబ్బు