ఏడు తగ్గిందన్నారు, నిజంగా తగ్గిందా?

విశాఖపట్నంలో వార్డుల వారీగా తాగునీటి సర్వే చేయించిన అధికారి గారికి,

నమస్కారం. కళాశాలలో గణాంకశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారిని. పాఠం చెప్పే అలవాటు పోలేదు, కాస్త ఓపిక పట్టండి.

మా వార్డులో కిందటేడాది వంద ఇళ్లను అడిగితే, కుళాయి నీళ్లు రోజూ వస్తున్నాయని 64 ఇళ్లవారు చెప్పారు. ఈ ఏడాది మరో వంద ఇళ్లలో 57 మంది చెప్పారు. మీ నివేదికలో ‘7 శాతం క్షీణత’ అని ఎర్ర అక్షరాల్లో పడింది. (64 నుంచి 57కి దిగితే తగ్గింది దాదాపు 11 శాతం, ఏడు కాదు. అది ప్రస్తుతానికి వదిలేద్దాం.) ఆ వారంలోనే మా వీధికి నీళ్లు వదిలే ఉద్యోగికి మెమో వచ్చింది.

నేనూ మా మనవరాలూ స్టీలు డబ్బాలో 600 ఎర్ర బొబ్బర్లు, 400 తెల్ల బొబ్బర్లు పోసి బాగా కలిపాం. లెక్కపెట్టడానికే ఒక మధ్యాహ్నం పట్టింది. కళ్లు మూసుకుని వంద గింజలు తీసి, ఎర్రవి లెక్కపెట్టి, మళ్లీ డబ్బాలో పోసి కలపమన్నాను. మొదటిసారి 63 వచ్చాయి. రెండోసారి 55. “తాతయ్యా, మధ్యలో నువ్వేమైనా తీసేశావా?” అంది. తర్వాత 61, 66, 58. డబ్బాలో ఒక్క గింజా మారలేదు. ఆ పిల్ల కనీసం నన్ను అడిగింది. మా వీధి ఉద్యోగిని ఎవరూ అడగలేదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుందంటాం. గిన్నె అంతా ఒకేలా ఉడుకుతుంది కాబట్టి చెబుతుంది. ఊరు అలా ఉడకదు. వంద ఇళ్లను యాదృచ్ఛికంగా ఎంచినా, వచ్చిన శాతానికి ఇటు పది, అటు పది వదులు ఉంటుంది. మీ 57 అంటే 47 నుంచి 67 దాకా ఏదైనా కావచ్చు. నీటి సరఫరాలో ఏ మార్పూ లేకపోయినా, రెండు సర్వేల మధ్య ఏడు గానీ అంతకు మించి గానీ తేడా, పైకో కిందికో, పదింట మూడుసార్లు వస్తుంది. వార్డు చిన్నది కదా, వంద చాలదా అంటారేమో. 2011 లెక్కల్లోనే 17 లక్షలు దాటిన మన నగరమంతటికీ వంద మందినే అడిగినా వదులు దాదాపు అంతే. దాన్ని సగానికి తేవాలంటే అడిగే ఇళ్లు నాలుగింతలు కావాలి, అంటే 400.

లెక్కలో ఇంకేదైనా చమత్కారం చేసి దీన్ని తగ్గించలేమా? మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివిన గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 1945లోనే దీనికి జవాబిచ్చారు. పక్షపాతం లేని, అంటే సగటున అసలు విలువనే చూపే, ఏ అంచనాకైనా ఇంతకంటే తగ్గని ఊగిసలాట ఒకటి ఉంటుందని నిరూపించారు. మామూలు శాతం లెక్క ఇప్పటికే ఆ అడుగున ఉంది. ఇక మిగిలింది ఎక్కువ ఇళ్ల తలుపు తట్టడమే. అదీ ఉదయం పదకొండింటికి మాత్రమే తడితే, పనికి వెళ్లినవారి మాట ఎప్పటికీ వినబడదు. ఆ లోపాన్ని 400 కాదు, 4,000 ఇళ్లయినా సరిచేయలేవు.

వచ్చే నివేదికలో ప్రతి శాతం పక్కనా ఎన్ని ఇళ్లను అడిగారో, వదులు ఎంతో అచ్చు వేయించండి. వదులు లోపల ఉన్న తేడాలకు ర్యాంకులు ఇవ్వకండి. ఆ మెమో వెనక్కి తీసుకోండి.

ఇట్లు,
మీ సర్వే వంద ఇళ్లలో లేని ఒక ఇంటి యజమాని