ప్యాకెట్ వెనక రాసినవి తీసేశాం, ఎందుకంటే...

ఈ విడత నుంచి మన చింతపండు ప్యాకెట్ వెనక మీకు రెండే లైన్లు కనిపిస్తాయి. ఇన్నాళ్లూ అక్కడ "చింతపండు ఆరోగ్య ప్రయోజనాలు" అని తొమ్మిది లైన్లు ఉండేవి, అవన్నీ తీసేశాం. లోపల సరుకు అదే, గింజ, నార తీసే మనుషులు వాళ్లే, బరువూ అంతే. రాత ఒక్కటే మారింది. దానికి కారణం మన పాత కస్టమర్ ఇంట్లో వచ్చిన ఇబ్బంది, ఆ సంగతి వేరేవాళ్ల నోట మీరు వినకూడదని నేనే రాస్తున్నాను.

నేను వ్యాపారం మొదలుపెట్టినప్పటి నుంచీ మన దగ్గరే తీసుకుంటున్న పెద్దాయన ఒకరున్నారు. ఆయనకు కిడ్నీలు బలహీనంగా ఉన్నాయి, పొటాషియం తగ్గించమని డాక్టర్ ముందే చెప్పారట. మన ప్యాకెట్ మీద "రోజూ ఒక గ్లాసు చింతపండు నీళ్లు తాగితే కిడ్నీలు శుభ్రపడతాయి" అని ఉంది. అది చదివి రెండు వారాలు పొద్దున్నే తాగారు. తర్వాత రక్తపరీక్షలో పొటాషియం పెరిగిందని తేలింది, డాక్టర్ తిండి గురించి అడిగితే ఈ నీళ్ల సంగతి బయటపడింది. ఇప్పుడు ఆయన బాగానే ఉన్నారు. వాళ్లమ్మాయి ఫోన్ చేసి ఒక్క మాట గట్టిగా అనలేదు. "అక్కా, మీరు రాశారు కదా అని తాగారు" అంది, అంతే. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

100 గ్రాముల చింతపండు గుజ్జులో 600 మిల్లీగ్రాములకు పైనే పొటాషియం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అది మంచిదే. దెబ్బతిన్న కిడ్నీలు మాత్రం దాన్ని సరిగ్గా బయటికి పంపలేవు. ఈ మాట నాకు ముందే తెలిసుండాల్సింది.

ఆ తొమ్మిది లైన్లు నేను రాయలేదు. కవర్లు ప్రింట్ చేసి ఇచ్చే సప్లయర్, వెనక ఖాళీగా ఉంటే బాగుండదని, అవి తనే వేసి పంపాడు. చూడ్డానికి బాగున్నాయి, ఒకసారి చదివి సరే అన్నాను. ఆ ఫోన్ వచ్చాక అతన్ని అడిగాను, ఇవి ఎక్కడివి అని. "ఎక్కడో ఉన్నవేనండి, అందరికీ ఇవే వేస్తాం" అన్నాడు. అందరికీ ఇవేనట! కనీసం ఎక్కడి నుంచి తీశాడో చూసి చెప్పమని మూడుసార్లు ఫోన్ చేశాను, మూడోసారి "ఇంత చిన్నదానికి ఎందుకు మేడం టెన్షన్ పడతారు" అన్నాడు. ఒక మనిషి ఆస్పత్రికి వెళ్లాల్సి రావడం చిన్నదా? ఇక అతనితో పని లేదని చెప్పేశాను. అయినా ప్యాకెట్ మీద ఉన్నది అతని పేరు కాదు, నా పేరు, కాబట్టి తప్పు నాదే.

తర్వాత కూర్చుని ఒక్కో లైనూ సరిచూసుకున్నాను. "విటమిన్ సి నిండుగా ఉంది" అన్నది మొదటిది. పుల్లగా ఉంది కాబట్టి నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ 100 గ్రాముల్లో సుమారు మూడున్నర మిల్లీగ్రాములే, చాలా తక్కువ. నిమ్మకాయ పులుపు సిట్రిక్ ఆమ్లం వల్ల వస్తే చింతపండుది ఎక్కువగా టార్టారిక్ ఆమ్లం వల్ల వస్తుంది, ద్రాక్షలో ఉండేది కూడా ఇదే. కాయ పండేటప్పుడు ఈ ఆమ్లం తగ్గదు, చక్కెర మాత్రం పెరుగుతుంది. అందుకే అంత పులుపు వెనక అంత తీపి దాక్కుని ఉంటుంది. 100 గ్రాములకు దాదాపు 240 క్యాలరీలు, 60 గ్రాములకు పైగా పిండిపదార్థాలు, అందులో ఎక్కువ భాగం చక్కెరే. మన ప్యాకెట్ మీదేమో "కొవ్వు కరిగిస్తుంది" అని ఉంది.

"షుగర్ వ్యాధిని అదుపు చేస్తుంది" అన్న లైను చూసి నాకు చాలా కోపం వచ్చింది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో అలాంటి గుణం కనిపించిన మాట నిజమే, కానీ అది గింజల సారంతో. మనం గింజ తీసి అమ్ముతున్నాం కదా!

నిజమైనవీ ఉన్నాయి, అవీ చెప్పాలి. మలబద్ధకానికి చింతపండు వాడటం చాలా దేశాల్లో ఎప్పటి నుంచో ఉంది. గుజ్జులో ఉండే ఆమ్లాలు, పొటాషియం లవణాలు, 100 గ్రాములకు 5 గ్రాముల పీచు కలిసి ఆ పని చేస్తాయి. మెగ్నీషియం 90 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, ఇనుమూ కొంత ఉంటుంది. ఇంకొకటి ఆ తొమ్మిదింటిలో లేనే లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లలు 18 రోజులు రోజుకు 10 గ్రాముల చింతపండు తింటే తాగే నీళ్లలో ఎక్కువైతే పళ్లను, ఎముకలను దెబ్బతీసే (ఫ్లోరోసిస్ తెచ్చే) ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా బయటికి పోయింది. చదివి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

సరిగ్గా అక్కడే మూడు వారాలు నలిగిపోయాను. తప్పులు తీసేసి నిజాలు ఉంచాలా, మొత్తం తీసేయాలా? లెక్కలు చూసే మా తమ్ముడు ఉంచమనే అన్నాడు. ప్యాకెట్ తిప్పి చూసి కొనేవాళ్లే ఎక్కువక్కా అన్నాడు, అదీ నిజమే. నాలుగు సార్లు రాశాను. ఫ్లోరైడ్ సంగతి రాస్తే, అది కొద్దిమంది పిల్లల మీద చేసిన చిన్న అధ్యయనమని, ఫ్లోరోసిస్‌కు ఇదే మందు అనుకోవద్దని కూడా రాయాలి. పొటాషియం రాస్తే కిడ్నీ రోగుల మాట రాయాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రలు చింతపండుతో కలిస్తే రక్తంలోకి ఎక్కువగా చేరతాయని మనుషుల మీద జరిగిన పరిశీలనల్లో తేలింది, అది వదిలేయలేను. ప్రతి మంచి మాట వెనకా ఒక "కానీ" తప్పలేదు. ఆ "కానీ"లకు ప్యాకెట్ మీద చోటు లేదు, చోటు లేదని మంచి మాట ఒక్కటే వేస్తే మళ్లీ ఎవరో ఒకరు నమ్మి తాగుతారు. నాలుగో కాగితం చించేసి మొత్తం తీసేశాను. ఇప్పుడున్న రెండు లైన్లు ఇవి: ఇందులో చింతపండు తప్ప ఉప్పు, రంగు, ఇంకేదీ కలపలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మాత్రలు వాడేవాళ్లు మోతాదు గురించి డాక్టర్‌ను అడగండి.

ఈ మార్పు చూసి ఒకరు "అంటే ఇన్నాళ్లూ మోసం చేశారా" అని మెసేజ్ పెట్టారు. ఆ మాట నేను మర్చిపోలేకపోతున్నాను. రాత విషయంలో నన్ను ఎంతైనా అనండి, పడతాను. సరుకు విషయంలో మాత్రం పడను. పాతది కొత్తదానిలో కలిపింది లేదు, రంగు కోసం ఏదీ చల్లింది లేదు. కొన్ని నెలలకు నల్లబడిందంటే అందులోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి రంగు మారడమే, పాడైనట్టు కాదు. గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే ఆ మార్పు నెమ్మదిస్తుంది. గాజు, పింగాణీ సీసాలే వాడండి, లోహపు డబ్బాలు వద్దు, ఆమ్లం లోహాన్ని తింటుంది. రాగి, ఇత్తడి పాత్రలను మెరిపించేది కూడా ఆ ఆమ్లమే, ఆ ప్రయోజనం మాత్రం ఏ భయం లేకుండా చెప్పగలను.

వేరే ప్యాకెట్ల మీద ఆ లైన్లు ఇంకా ఉన్నాయి, అమ్మకాలు అటు పోవచ్చు. పోనివ్వండి, మళ్లీ వేయను.

మీ ఇంట్లో పాత ప్యాకెట్ ఉంటే సరుకు నిశ్చింతగా వంటలో వాడుకోండి, వెనక రాసినవి మాత్రం పాటించకండి. షుగర్ తగ్గుతుందనో, బరువు తగ్గుతామనో నమ్మి కొన్నవాళ్లుంటే ప్యాకెట్ వెనక్కి ఇచ్చేయండి, తెరిచినదైనా సగం వాడినదైనా సరే, డబ్బులు పూర్తిగా ఇచ్చేస్తాను.