మా అమ్మమ్మ మాట వినడానికి రెండు వందల గంటలు ఇప్పించండి

విద్య, ఐటీ శాఖల మంత్రి గారికి,

నమస్కారం. నేను విజయనగరంలో ఎం.టెక్ కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను. మాది పలాస దగ్గర పల్లె. రెండు శాఖలూ మీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి ఫైలుగా తిరగదని ధైర్యం చేసి రాస్తున్నాను.

నా థీసిస్ మా ప్రాంతం మాట మీద. ఫోన్లో మాట్లాడితే అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్లు టీవీ వార్తల తెలుగుని బాగానే రాస్తాయి. మా అమ్మమ్మ మాట దగ్గరికి వచ్చేసరికి తడబడతాయి. మొదటిసారి రికార్డు చేసిన రోజు ఆవిడ బీపీ మాత్ర సంగతి చెప్తూ "మందు ఏసుకోనేదు" అంది. మిషన్ "మందు వేసుకో నేడు" అని రాసింది. లేదు అనడానికి మా వాళ్లు నేదు అంటారు. ఆ ఒక్క అక్షరం అర్థం కాక, వేసుకోలేదన్న మాట కాస్తా వేసుకోమన్న మాటైపోయింది. ముందు నవ్వొచ్చింది. తర్వాత కాస్త భయమేసింది. 2025 జనవరిలో మీరు మొదలుపెట్టిన ప్రభుత్వ సేవల మన మిత్ర ఇప్పుడు వాట్సాప్‌లో నడుస్తోంది. రేపు గొంతుతో చెప్తే చాలు పని అయిపోయే సేవలే అన్నిచోట్లా వస్తాయి. అప్పుడు మా వాళ్లు ఏ తెలుగు మాట్లాడాలి?

శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే భాషలోనే రాయాలని జీవితాంతం పోరాడారు. ఆయన పుట్టిన జిల్లా మాటే మిషన్లకి అర్థం కావట్లేదు. సరే, ఉపన్యాసం అక్కడితో ఆపుతాను.

పని వివరం చెప్తాను. ఓపెన్‌ఏఐ కంపెనీ 2022లో మాటని అక్షరాలుగా మార్చే విస్పర్ అనే ఏఐ మోడల్‌ని అందరికీ ఉచితంగా ఇచ్చింది. అందులో 'స్మాల్' అనే సైజుదానికే 24.4 కోట్ల పారామీటర్లు, అంటే అది నేర్చుకున్నదంతా దాచుకునే అంకెలు. దానికి మా యాస నేర్పాలంటే మా మనుషుల గొంతులు, వాళ్లు అన్న మాటలు అక్షరాల్లో ఇచ్చి, తప్పు చేసినప్పుడల్లా ఆ అంకెల్ని కొద్దికొద్దిగా సరిచేస్తూ వేలసార్లు తిప్పాలి. జీడిపప్పు ఒలిచే అక్కల్ని, చేపల వేటకెళ్లే మావయ్యల్ని బతిమాలి ఆరు గంటల మాటలు పోగేశాను. ప్రతి నిమిషం విని విని చేత్తో రాసుకోవడానికి రెండు నెలలు పట్టింది. అది కష్టమే గానీ మన చేతిలో ఉన్న కష్టం. చేతిలో లేనిది జీపీయూ, అంటే ఇలాంటి లెక్కలు వేగంగా చేసే గ్రాఫిక్స్ కార్డు.

మా ల్యాబులో ఉన్నవన్నీ 8 జీబీ ర్యామ్ కంప్యూటర్లు. బీ.టెక్ పిల్లలు సీ ప్రోగ్రాములు రాసుకోవడానికి ఢోకా లేదు. గ్రాఫిక్స్ కార్డు ఒక్కదాంట్లోనూ లేదు. అందుకని మేమంతా గూగుల్ తన జీపీయూల్ని ఇంటర్నెట్‌లో వాడుకోనిచ్చే కొలాబ్ ఉచిత ఖాతాల మీద బతుకుతున్నాం. అది ఎంత బాగా దొరికినా ఒక్కసారికి 12 గంటలే, మధ్యలో ఎప్పుడు తెగిపోతుందో చెప్పలేం. పోయిన నెల ఒక రాత్రి హాస్టల్ మేడ మీద సిగ్నల్ కోసం ఫోన్ గోడకి ఆనించి, హాట్‌స్పాట్ పెట్టి కూర్చున్నాను. ఏడు గంటలు బాగానే నడిచింది. తెల్లవారుజామున కనెక్షన్ పోయింది. మోడల్ అప్పటిదాకా నేర్చుకున్నది గూగుల్ డ్రైవ్‌లో భద్రంగా ఉందిలే అనుకున్నాను. తీరా చూస్తే డ్రైవ్ నిండిపోయి ఉంది. మధ్యమధ్యలో దాచే మోడల్ కాపీ ఒక్కోటి దాదాపు మూడు జీబీ, ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. నాలుగు కాపీలు పడ్డాయి, ఐదోదానికి చోటు లేదు. ఆ రాత్రి సగానికి పైగా పని గాలికి పోయింది.

ఈ తిప్పలు పడలేకే చాలామంది అమీర్‌పేట ప్రాజెక్ట్ సెంటర్లకి ఫోన్ చేస్తారు. కోడ్, డాక్యుమెంట్, పీపీటీ అన్నీ రెడీగా పంపుతారు, వైవాలో ఏం అడుగుతారో కూడా చెప్పేస్తారు. వాళ్లని నేను తిట్టలేను. రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఈసెట్‌తో చేరిన మాకు, జాతీయ పరీక్ష గేట్‌తో చేరినవాళ్లకి సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఇచ్చే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ లేదు, పైగా ల్యాబూ లేకపోతే పిల్లలు ఏం చేస్తారు? ఫీజుల గొడవ, ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపిన జీవో 77 సంగతీ విద్యార్థి సంఘాలు మీకు చెప్పే ఉంటాయి, నేను మళ్లీ ఎత్తను.

2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖకి ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ ప్రకటించిన సాయంత్రం మా ఊళ్లో స్వీట్లు పంచారు. "ఇంకేటమ్మీ, నీ ఉద్యోగం ఇంటి పక్కకే వచ్చీసినాది" అన్నారు. నాకూ సంతోషమే. కానీ ఆ హబ్‌లో పనికి పిలిస్తే, జీపీయూ మీద ఒక్క మోడల్ కూడా పూర్తిగా నడపని ఎం.టెక్ పట్టా పట్టుకుని నేనేం చెప్పాలి?

నేనడిగేది పెద్దది కాదు. కేంద్రం 2024 మార్చిలో 10,372 కోట్లతో ఇండియా ఏఐ మిషన్‌కి ఆమోదం తెలిపింది. అందులో జీపీయూలు గంటకి వంద రూపాయల లోపే ఇస్తామని చెప్పింది. నా మోడల్‌ని ఒక్కసారి నడపడానికి ఎనిమిది గంటలు, మార్పులు చేసుకుంటూ పాతిక సార్లు, అంటే రెండు వందల గంటలు. ఇరవై వేలు దాటదు. రాష్ట్రమే గంటల్ని టోకున కొని మా జిల్లాల ఎం.టెక్ విద్యార్థులకి పంచవచ్చు. అది కుదరకపోతే, ద్వారపూడిలో గురజాడ పేరుతో ఉన్న జేఎన్టీయూలో నాలుగు మంచి కార్డులున్న ఒక సర్వర్ పెట్టించండి. విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లోని ఏ కాలేజీ విద్యార్థి అయినా ఇంటి నుంచి లాగిన్ అయ్యేలా చూడండి. ఒక్క షరతు: దాన్ని అద్దాల గదిలో పెట్టి, తాళం వేసి, తనిఖీకి వచ్చినవాళ్లకి మాత్రమే చూపించే వస్తువుగా మిగల్చకండి. ఎవరు ఎన్ని గంటలు వాడారో ప్రతి నెలా అందరికీ కనిపించేలా పెట్టించండి.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అమ్మమ్మకి ఇదంతా చెప్పాను. "ఓలమ్మా, నా మాట ఇనడానికి అంత పెద్ద మిషను కావాలేటే?" అంది. ఆ మాట కూడా రికార్డయింది. ఇంకా రాయించలేదు, నా కొలాబ్ కోటా అయిపోయింది.

ఇట్లు,
ఎం.టెక్ రెండో సంవత్సరం విద్యార్థిని,
విజయనగరం